గొట్టం మీద చెయ్యి

ఆ ఈతకొలను దగ్గర అద్దెకిచ్చే డైవింగ్ సూట్లు కడిగే ఆమెను అందరూ చేపపిల్లా అని ఏడిపించేవాళ్లు. నీటి అడుగున ఈదడం నేర్పే స్కూబా వాళ్ల ఈత పరీక్షలో రెండుసార్లు ముక్కూ నోటా నీళ్లు తాగి లేచింది మరి! ఇది మూడోసారి, ఆఖరుసారి. ఇదీ పోతే ఓడల అడుగు శుభ్రం చేసే ఉద్యోగం పోయినట్టే. ఇక బతుకంతా ఆ కంపు సూట్లతోనే.

పరీక్ష పెట్టేది సొంత అన్నయ్యే. వచ్చిన చిక్కల్లా అదే. చెల్లెలు సముద్రంలో దిగడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. రెండుసార్లూ ఆమె గట్టువార ఈదుతుంటే, నీళ్లపైకి ఉండే ఊపిరి గొట్టం, ఆ స్నార్కెల్ పైకొసను అరచేత్తో ఎవరో మూసేశారు. ఎవరో ఏమిటి, అన్నయ్యే! అడిగి చులకనైపోవడం ఇష్టంలేక ఊరుకుంది.

"భయంగా ఉంటే మానెయ్యవే," అన్నాడతను.

"నువ్వు మానెయ్ నీ వేషాలు. నేను మానను," అని దూకింది.

మధ్యాహ్నమే అయినా రేకుల కప్పు కింద నీళ్లు మసగ్గా ఉన్నాయి. క్లోరిన్ వాసన. తల ముంచాక వినబడేదల్లా గొట్టంలో తన ఊపిరే. లోపలికి, బయటికి. అటూ ఇటూ పన్నెండుసార్లు తిరగాలి. కింద నీలం పలకలు మెల్లగా జారిపోతున్నాయి.

తొమ్మిదోసారి... గొట్టంలో ఇంకో ఊపిరి. తను వదిలితే అది పీలుస్తోంది.

గొట్టం పైకొస మీద చెయ్యి పడింది. గాలి ఆగిపోయింది.

'వచ్చావా అన్నయ్యా, ఈసారి లేవను చూడు,' అనుకుంది. కళ్లు పెద్దవి చేసి ముందుకు చూసింది. అల్లంత దూరంలో, కొలను చివర, గట్టు మీంచి నీళ్లలోకి వేలాడుతున్నాయి రెండు పాదాలు. అన్నయ్యవి.

అన్నయ్య కాదు... మరి ఎవరు?

ఎవరైతే నాకేంటి! ఒళ్లు మండిపోయింది. మిగిలిన ఊపిరంతా కూడగట్టి ఒక్క ఊదు ఊదింది. చెయ్యి ఎగిరిపోయింది. గొట్టంలో నీళ్లు పైకి చిమ్మాయి. పది. పదకొండు. పన్నెండు.

గట్టెక్కి మాస్కూ గొట్టమూ పలకల మీద పడేసి వగరుస్తూ కూర్చుంది. అన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నెగ్గావే!"

"నా గొట్టం మూసిందెవరు?"

"మూయడమేంటి? నేను ఇక్కణ్ణించి కదల్లేదు. ఎప్పుడూ కదల్లేదే..."

బుస్సుమంది. పలకల మీది గొట్టంలోంచి నీళ్లు చిమ్మాయి, లోపలెవరో ఊదినట్టు. తర్వాత మెల్లగా ఊపిరి. లోపలికి... బయటికి...

"ముట్టుకోకు!" గుసగుసగా అన్నాడు అన్నయ్య.

"మూడుసార్లు నా ఊపిరాపింది. నేనొక్కసారి ఆపలేనా?"

గొట్టం పైకొసను అరచేత్తో గట్టిగా మూసింది.

కొలను మధ్యలో, ఎవరూ లేని చోట, నీళ్లు గిలగిలా కొట్టుకోసాగాయి.

ఆమె చెయ్యి తియ్యలేదు.