అలికిడి లేని షిఫ్టు

కొలంబోలో ఒక హోటల్ లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల మనిషి గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు.

బ్యూరో గూఢచారి అయిన అతను హైదరాబాద్‌కు పంపిన ఆఖరి మెసేజ్‌లో మూడే ముక్కలు. అలికిడి. సోమవారం. లోపలి మనిషి.

బ్యూరో చీఫ్ గోపాలరావు ఆ మెసేజ్‌ను స్క్రీన్ మీద ఉంచి, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ జైపాల్ వైపు తిరిగాడు.

"అలికిడి అంటే తెలుసా?"

"సాఫ్ట్‌వేర్ సార్. బొగ్గు గనిలో రూఫ్ కూలేముందు రాయి లోపల చిట్లుతుంది. మన చెవికి ఆనదు. అలికిడి దాన్ని విని హూటర్ మోగిస్తుంది. మా గోదావరిఖని వాళ్లే తయారుచేశారు."

"ఎంతమంది?"

"ముగ్గురు."

గోపాలరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఓరియన్ బే అని ఒక ముఠా. పైకి విదేశీ కంపెనీ. ఇదే పని మీద మూడొందల మంది ఇంజనీర్లను కూర్చోబెట్టింది. వాళ్ల సరుకు ఏ ట్రయల్లోనూ నిలబడలేదు. ఈ ముగ్గురిదీ నిలబడింది. ఎలాగంటావ్?"

"ఏఐతో రాయిస్తారు సార్."

"ఆ మూడొందల మందీ ఏఐతోనే రాయిస్తున్నారోయ్."

జైపాల్ మళ్లీ స్క్రీన్ మీది మెసేజ్ వైపు చూశాడు.

"సోమవారం ఎర్రగుంట ఇంక్లైన్ గనిలో, మొదటి షిఫ్టులో ట్రయల్. ఆ పూట అలికిడి మూగబోయి కింద మనుషులు చనిపోతే దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. గనులన్నీ ఓరియన్ బే దగ్గరే కొనాలి. ఆ తర్వాత ఏ గని ఎప్పుడు ఆగాలో వాళ్లు సముద్రం అవతల కూర్చుని చెబుతారు."

"ట్రయల్ ఆపేస్తే?"

"ఇక్కడ కాకపోతే ఇంకో గనిలో చేస్తారు. లోపలి మనిషి దొరకాలి, చేసిన పనితో సహా దొరకాలి. అక్కడ మనకో మనిషి ఉంది. మైత్రి. కన్సల్టెంట్‌గా ఆమెను ఆ టీమ్‌లోకి దించింది ఓరియన్ బే. పని చేసేది మాత్రం మనకి. ఆమె కాక ఇంకొకరిని కూడా కొన్నారని ఆమే చెప్పింది. ఆమెను నమ్ము."

జైపాల్ లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, ఎర్రగుంట మొదటి షిఫ్టులో మా కాక ఉన్నాడు."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

చిన్నాన్న సదయ్య కాక ఓవర్‌టైమ్‌ల మీద చదువుకున్నవాడు జైపాల్. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. ఇంట్లోవాళ్లకు తెలిసినంతలో అతను ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాడు.

*

గోదావరిఖని చౌరస్తాకు కాస్త ఇవతల, కర్రీ పాయింట్ మీద ఒక గది. కింద నుంచి పోపు వాసన వస్తుంటే పైన ఏఐ ఏజెంట్లు కోడ్ రాస్తున్నాయి. స్క్రీన్ మీద లైన్లు వరదలా దిగుతున్నాయి. టీమ్ లీడర్ హర్షిణి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చదువుతోంది. చదివినంత చదివి, మొత్తం చెరిపేసింది.

కొత్త టెస్టర్ వేషంలో చేరిన జైపాల్ ఆశ్చర్యపోయాడు. "టెస్టులన్నీ పాసైనయి గదా. ఎందుకు తీసేసినవ్?"

"పాసైంది అన్నా. కానీ ఎందుకు పాసైందో నాకు సమజ్ గాలే. సమజ్ గానిది గనిల పెట్టం."

"మల్ల రాయాలె గదా?"

"రాస్తది, దానికేం ఫికర్. రాసుడు ఇప్పుడు ఎవలికైనా అల్కనే. వద్దనుడే కష్టం. మూడొందల మంది ఉన్నకాడ వద్దని ఎవలంటరు? పక్కోడు చూసిండని వీడనుకుంటడు. మెషీన్ చూసిందని ఆ పక్కోడనుకుంటడు. మా కాడ పక్కోడే లేడు."

మూలన కూర్చున్న నాని ఇయర్‌ఫోన్ తీశాడు. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. "మా అక్క వద్దంటే బ్రహ్మదేవుడు రాసింది కూడా వెనక్కేనండి. నా రాతలు సగం ఆ డస్ట్‌బిన్‌లోనే ఉన్నాయి."

"సగమేనా?" అంది హర్షిణి తలెత్తకుండా.

తలుపు తెరుచుకుంది. టీమ్‌లో మూడో మనిషి కాన్పుకు వెళ్లడంతో ఆ కుర్చీలోకి వచ్చిన కన్సల్టెంట్. నల్ల చీర, బొగ్గు దుమ్ము అంటని తెల్ల షూ, ఎత్తుగా చుట్టిన ముడి, అందులో వెండి పిన్ను. మైత్రి నడిచి వస్తుంటే కింద కర్రీ పాయింట్‌లో గరిటె చప్పుడు కూడా కాసేపు ఆగినట్టనిపించింది.

మధ్యాహ్నం డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య, ఆమె అతని వైపు చూడకుండా అడిగింది.

"గోదావరి నీళ్లు ఎంతదాకా వచ్చాయి?"

"మెట్లు మునగలేదు. కాళ్లు తడిశాయి."

కోడ్ కలిసింది.

"నాని," అంది మైత్రి. "నాతో మాట్లాడినవాళ్లే అతనితోనూ మాట్లాడారు."

"సాక్ష్యం?"

"సోమవారం పొద్దున చూడు, ఆఖరి మార్పు మీద అతని సంతకం ఉంటుంది. ఇప్పుడే పట్టుకుంటే చెయ్యని తప్పుకు పట్టుకున్నట్టవుతుంది. ఓపిక పట్టు."

ఆదివారం ఇంట్లో సదయ్య కాక జొన్నరొట్టె తుంచుతూ మాట్లాడాడు. "మా ప్యానెల్ల రూఫ్‌ను మోసే బొగ్గు పిల్లర్లు తీసుకుంట వస్తున్నం. రూఫ్ బరువెక్కింది. రేపో ఎల్లుండో కూలుతది. కూలుడు మామూలే, మనం బయటపడుడే ముచ్చట. హర్షిణి డబ్బా మోగితే ఉరుకుడే."

"కాకా, రేపు డ్యూటీ పోకు. లీవు పెట్టు."

"నా బదులు ఎవణ్ణి పంపుమంటవ్?"

జైపాల్ చేతిలో రొట్టె ముక్క కంచంలో పెట్టేశాడు. కాక ఇంకో రొట్టె వేయించుకున్నాడు.

*

సోమవారం. ఎర్రగుంట ఇంక్లైన్.

లాంప్ రూం గేటు దాటాలంటే ఎవరైనా సరే జేబులు దులపాలి. అగ్గిపెట్టె, బీడీ, ఫోన్, ఏదీ లోపలికి పోదు. జైపాల్ ట్రాన్స్‌మిటర్ ఉన్న వాచీ, కెమెరా ఉన్న పెన్ను ట్రేలో పెట్టాడు. నడుముకున్న పిస్టల్ ముందే జీపులో వదిలేశాడు. సీక్రెట్ ఏజెంట్ అని చెప్పుకోవడానికి ఒంటి మీద ఇంకేమీ మిగల్లేదు.

మొదటి షిఫ్టు దిగింది. సదయ్య కాక హెల్మెట్ లైటు ఒకసారి ఇటు తిప్పి, వాలులో చీకట్లోకి వెళ్లిపోయాడు.

లాంప్ రూం పక్కనే కంట్రోల్ రూం. స్క్రీన్ మీద కాక వాళ్ల ప్యానెల్ మొత్తం పచ్చగా ఉంది. నిన్నటిదాకా పసుపు చూపించిన చోట కూడా పచ్చ.

మైత్రి జైపాల్ మోచెయ్యి తాకి, స్క్రీన్ అడుగున ఉన్న లైను చూపించింది. ఆఖరి మార్పు, నిన్న సాయంత్రం. సంతకం, నాని.

"చెప్పాను కదా," అంది మెల్లగా. "మనిషి కూడా కనబడటం లేదు. పారిపోయాడు."

ఇక దాచి లాభం లేదు. జైపాల్ హర్షిణి కుర్చీ పక్కన వంగాడు. "చెల్లె, నేను టెస్టర్‌ను కాదు. గవర్నమెంటు మనిషిని. నాని మీ కోడ్‌ను మూగది చేసిండు. వెంటనే వెనుకకు తిప్పు."

హర్షిణి అతని ముఖం చూసింది, స్క్రీన్ చూసింది.

"నాని సంతకం పెట్టిండా?"

"చూడు."

"మరి కిందికి దిగలేదేంది?"

"ఎందుకు దిగాలె?"

"మా కాడ సంతకం పెట్టినోళ్లే దిగాలె. ఆ కోడ్‌తోని నడిచే మొదటి షిఫ్టుల, అందరికంటే ముందల. మా నాయిన గని సర్దార్. రూఫ్‌ను కర్రతోని కొట్టి, చెవి పెట్టి, ఆయన పొమ్మన్నంకనే మిగతావాళ్లు పోతుండె. మేం గూడ గట్లనే. రాసేది మెషీనే గావచ్చు, దిగేది మేమే."

"ఈ రూల్ ఎక్కడుంది?" అని అడిగింది మైత్రి. గొంతు ఎప్పటిలాగే ఉంది. కానీ అడిగిన తొందర జైపాల్‌కు కొత్తగా తగిలింది.

"ఎక్కడా లేదు. రాసుకునేటంత మంది ఉన్నమా?"

జైపాల్‌కు అప్పుడు తట్టింది. ఓరియన్ బే మెషీన్లు ఈ టీమ్ రాసిన ప్రతి లైనూ, చాట్‌లో ప్రతి మాటా చదివి ఉంటాయి. రాయని మాటను ఏ మెషీన్ చదువుతుంది? వీళ్లు కిందికి దిగి రావడం మైత్రి ఈ మూడు నెలలూ చూసింది. సెన్సార్లు తుడవడానికనుకుని ఉంటుంది.

"తప్పు చేశానని తెలుసు కాబట్టే దిగలేదు," అంది మైత్రి.

"సంతకం పెట్టి దిగకపోతే హాజరు ముస్టర్ల పదిమంది అడుగుతరు. దొంగపని చేసేటోడు అందరు అడిగే పని చేస్తడా?"

అప్పుడే నాని వచ్చాడు. చేతిలో టిఫిన్ పొట్లాలు, కాళ్లకు హవాయి చెప్పులు. "ఇడ్లీ అయిపోయిందక్కా. ఉప్మా తెచ్చా, తిట్టకు." అందరూ తన కాళ్లవైపు చూడటంతో ఆగిపోయాడు. "ఏమైందండి?"

"నిన్న సంతకం పెట్టినవా?"

"నేనా? పెట్టుంటే బూట్లేసుకుని కిందుండేవాణ్ణి కదా."

"నీ కీ ఏది?"

నాని జేబు తడుముకున్నాడు. రెండో జేబూ తడుముకున్నాడు. "నిన్న మెషీన్‌కే వదిలేసి చాయ్‌కెళ్లాను. తిరిగొచ్చి తియ్యడం మర్చిపోయా."

హర్షిణి అప్పటికే తన కీ గుచ్చి పాత కోడ్‌ను పిలిచింది. స్క్రీన్ రెండో కీ అడిగింది. ఒకరు సంతకం పెట్టిన మార్పును వాళ్ల కీ కూడా లేకుండా ఇంకొకరు తియ్యకూడదని తను పెట్టిన నియమమే. నాని కీ లేకుండా అలికిడి నోరు తెరవదు.

జైపాల్ గని ఫోన్ ఎత్తి, సదయ్య వాళ్లను వెనక్కి రప్పించమన్నాడు. ప్యానెల్ మొదట్లో ఉన్నవాడు కబురు అందుకుని బయల్దేరాడు. వాళ్లున్న చోటికి అతను నడిచి వెళ్లాలి. హూటర్ అయితే వాళ్ల నెత్తి మీదే ఉంది.

నిన్న ఆ మెషీన్ దగ్గర మసిలింది ఈ గదిలోని వాళ్లే, కాబట్టి కీ ఈ గదిలోనే ఉండాలి. ఎవరి దగ్గర?

హర్షిణి పక్కగది నుంచి హెల్మెట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. "సంతకం ఎవలు పెట్టిన్రో ఎవలం చెప్తలేం. అందరం దిగుదాం. నేను గూడ."

నాని చెప్పులు విడిచి బూట్లు లాక్కున్నాడు. జైపాల్ హెల్మెట్ పెట్టుకున్నాడు. మైత్రి కదల్లేదు.

"నాకు ఇరుకు చోట ఊపిరాడదు."

"నేను చెయ్యి పట్టుకుంట అక్కా. పా," అంది హర్షిణి.

"ఇప్పుడు కాదు."

"మరి ఎప్పుడు?" అన్నాడు జైపాల్.

ఆమె కళ్లు గోడ గడియారం మీదికి వెళ్లి వచ్చాయి. గనిలోకి దిగడానికి భయపడేవాళ్లు గని మూతి వైపు చూస్తారు. రూఫ్ కూలేదాకా నిమిషాలు లెక్కపెట్టేవాళ్లు తప్ప గడియారం వైపు ఎవరు చూస్తారు?

తను గడియారం చూడటం జైపాల్ గమనించాడని ఆమెకూ తెలిసింది.

చెయ్యి ముడి మీదికి పోయింది. వెండి పిన్ను గాల్లో మెరిసింది. జైపాల్ తల వంచి హెల్మెట్ అడ్డుపెట్టాడు. టక్కున గుచ్చుకున్న చప్పుడు, చేదు బాదం లాంటి సైనైడ్ వాసన. కొలంబో లిఫ్ట్‌లో మనిషి ఎందుకు నిలబడే చనిపోయాడో ఆ క్షణంలో అర్థమైంది. అతను ఆమె మణికట్టు ఒడిసిపట్టి బల్లకేసి అదిమాడు.

పిన్ను పోయిన ముడి వీడింది. జుట్టులోంచి చిన్న కీ జారి నేల మీద పడింది.

"నాని."

ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది. నాని కీ తీసుకుని స్క్రీన్ వైపు దూకాడు. గుచ్చాడు. హర్షిణి బటన్ నొక్కింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు.

తర్వాత పచ్చ ఎగిరిపోయింది. పసుపు ఆగలేదు. ప్యానెల్ మొత్తం ఎర్రబడింది. గని ఫోన్‌లో, ఎక్కడో అడుగున, హూటర్ కూత వినబడింది.

బల్ల మీద ఉప్మా పొట్లం నలిగిపోయి ఉంది. జైపాల్‌కు కాక కడుపునిండా తిన్న రొట్టెలు గుర్తొచ్చాయి, ఎందుకో తెలియదు.

నేల సన్నగా వణికింది. గని మూతిలోంచి దుమ్ముతో కూడిన గాలి బుస్సున వచ్చి కిటికీ రెక్కను కొట్టింది.

ఫోన్‌లో చాలాసేపు దగ్గులే. తర్వాత ఒక గొంతు. "అందరం వచ్చినం. లెక్క సరిపోయింది. వెనుక మొత్తం కూలింది."

కాసేపటికి వాలు ఎక్కి సదయ్య కాక పైకి వచ్చాడు. ముఖం నిండా నలుపు, పళ్లు మాత్రం తెల్లగా. కంట్రోల్ రూం గుమ్మంలో నిలబడి అన్నాడు. "ఏంది బిడ్డా హర్షిణి, నీ డబ్బా ఇయ్యాల నిద్ర లేసుడు ఆలస్యమైందా?"

హర్షిణి ఆయన హెల్మెట్ అందుకుని దుమ్ము దులిపింది.

కాక చూపు మైత్రి చేతులు వెనక్కి విరిచి పట్టుకున్న జైపాల్ మీద పడింది. "నువ్వేందిరా? ఇన్సూరెన్సోళ్లు గిట్ల గూడ పట్టుకుంటరా?"

"క్లెయిమ్ రాకుండ చూస్తున్న కాకా."

*

సాయంత్రం గోపాలరావు ఫోన్ చేశాడు.

"శభాషోయ్. ఓరియన్ బే ఆఫీసులు మూడు చోట్ల మూతపడ్డాయి. ఇంతకీ ఆ ముగ్గురి క్వాలిటీ రహస్యం ఏమిటో రాసి పంపు. అన్ని డిపార్ట్‌మెంట్లకూ సర్క్యులర్ వేద్దాం."

"రాసి పెడితే వాళ్ల మెషీన్ కూడా చదువుతుంది సార్."

"అయితే నోటితో చెప్పు."

"సంతకం పెట్టినవాళ్లను గనిలోకి దించాలి సార్. అంతే."

గోపాలరావు గొంతు సవరించుకున్నాడు. మైత్రి నమ్మదగిన మనిషి అని బ్యూరో ఫైలు మీద సంతకం పెట్టింది అతనొక్కడే. జైపాల్ మర్యాదగా ఆ మాట ఎత్తలేదు.

"మీ ఊళ్లో సిగ్నల్ బొత్తిగా ఉండదోయ్," అని గోపాలరావు ఫోన్ పెట్టేశాడు.