కంకి గ్రూపులో ఆడబిడ్డ

మహబూబాబాద్ బస్టాండులో బలరాం చాయ్ గ్లాసు కింద పెట్టి, రెండడుగులు వేసి, బోర్లా పడ్డాడు. ఎండదెబ్బ అనుకున్నారు జనం. మొహాన నీళ్లు చల్లారు. ఎవరో ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు.

జామకాయల బండి వెనక నిలబడ్డ సీక్రెట్ ఏజెంట్ జాల్యాకు మాత్రం అది ఎండదెబ్బ కాదని తెలుసు. బలరాం మెడ మీద చీమ కుట్టినంత ఎర్ర మచ్చ. పాయిజన్ నీడిల్. విదేశీ ముఠా పని.

ఒకే కంచంలో తిన్న తోటి ఏజెంట్. ఏడుపు వస్తుందేమోనని జాల్యా కాసేపు చూశాడు. రాలేదు. ఒకామె వచ్చి కిలో జామకాయలు అడిగింది. తూచి ఇచ్చాడు. కొసరు కూడా వేశాడు.

ఆమె పోయాక, బండి కింద వేలాడుతున్న పురుగుల మందు కొట్టే పంపు గొట్టాన్ని బాగు చేస్తున్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అందులో మందు లేదు. వైర్‌లెస్ సెట్ ఉంది.

"చెప్పు," అన్నాడు జనగామ నుంచి చీఫ్ చిరంజీవి.

"బలరాం పోయిండు సార్."

"ఆయన ఉండే ఇల్లు ఎవ్వరికీ తెల్వదు గద?"

"వెబ్‌సైట్‌కు తెలుసు. ఇంటికాడి నుంచే ఎంట పడ్డట్టున్నరు."

పైకి అది విత్తనాల కంపెనీ వెబ్‌సైట్. పాస్‌వర్డ్ ఉన్న ఏజెంట్లందరూ అందులోకి వచ్చి రిపోర్టు రాసి పోవచ్చు. సేఫ్ హౌస్‌ల అడ్రసులు మాత్రం వేరే ఫోల్డర్‌లో, మనిషికొక పేజీగా ఉంటాయి. పాస్‌వర్డ్ సరైనదే అయినా, 'కంకి' అనే గ్రూపులో పేరు లేకపోతే సర్వర్ ఆ ఫోల్డర్ తెరవదు.

"కంకిల ఎవరో దూరిన్రు," అన్నాడు చీఫ్. "హరిలాల్ అడ్రసు గూడ అండ్లనే ఉంది. చిట్యాల దిక్కున్నడని ముఠాకు తెలుసు, ఏ ఇల్లో తెల్వది. రేపు కోర్టుల సాక్ష్యం చెప్పేది వాడొక్కడే. వాడు లేకుంటే భూపాలపల్లిల బాంబు పెట్టబోయినోళ్లంత బయటికొస్తరు. తొర్రూరు పో."

"బలరాంను ఏం చేద్దాం సార్?"

"బలరాం ఎవరో నీకు తెల్వదు."

"సరే సార్."

జాల్యా బండి అక్కడే వదిలేశాడు. పంపు వీపుకు తగిలించుకుని తొర్రూరు బస్సు ఎక్కితే, పత్తి చేనుకు పోయే రైతనుకుని కండక్టర్ రెండోసారి చూడలేదు.

తొర్రూరులో ఎరువుల దుకాణం పైన ఒక గది. జాల్యా తలుపు తట్టాడు.

"మక్కలు ఎట్ల పండినయే?"

"కోతులు వదిలినంత," అంది లోపలి గొంతు.

కోడ్ కలిసింది. తలుపు తీసిన మనిషి పాపయ్య. ఆ సర్వర్‌ను చూసుకునేది ఆయనే. బనీను మీద ఉన్నాడు.

"కంకిల కొత్త పేరేమన్న ఎక్కించినవా పాపయ్యన్నా?"

పాపయ్య గడ్డం గోక్కున్నాడు. "ఒక్కటే. శిరీష."

నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటీ, మనిషి వెళ్లిపోయినా గదిలో మిగిలే సెంటు వాసన. ముఠాలోకి డిపార్ట్‌మెంట్ పంపిన గూఢచారి ఆమె. రిపోర్టు రాయడానికి పాస్‌వర్డ్ ఇచ్చారు గానీ, కంకిలో చేర్చొద్దని చీఫ్ ఆర్డర్. ఇటు జీతం తీసుకుంటూ అటు పని చేస్తోందన్న మాట.

"ఎందుకు ఎక్కించినవ్?"

"మా లింగాల ఘనపూర్ పిల్లనట. ఊరి ఆడబిడ్డ. తల్లిగారి ఊరోనివి బాపూ అని కాళ్లు మొక్కింది. ఒడిబియ్యం పోద్దామంటే ఇంట్ల ఆడమనిషి లేదాయె. ఒట్టి చేతుల ఎట్ల పంపుత? ఏం కావాలె బిడ్డా అంటే, గిదడిగింది."

"చీర పెట్టకపోయినవా?"

"చీరలు మస్తున్నయన్నది."

నవ్వు రావాల్సిన మాటే. జాల్యాకు అదీ రాలేదు.

"లోపల ఇప్పుడు ఎవరున్నరో చూడు."

స్క్రీన్ మీద, ఎవరు ఏ పేజీ తెరిచారో చూపే యాక్సెస్ లాగ్ కదులుతోంది. శిరీష. పేజీలకు మనుషుల పేర్లు లేవు, పంటల పేర్లున్నాయి. అందుకని వరసగా ఒక్కొక్కటి తెరిచి చూస్తోంది. కంది తెరిచింది. జొన్న తెరిచింది. ఇప్పుడు నువ్వుల మీద ఉంది. తర్వాతిది పత్తి. హరిలాల్ పేజీ అదే.

"పేరు ఇప్పుడు తీస్తే ఆగుతదా? లోపలికి రానే వచ్చె గద."

"ఆగుతది. పేజీ పేజీకి గ్రూపు మళ్ల చూసుకుంటది సర్వర్."

"మరి తియ్యి!"

పాపయ్య చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. "పెట్టిన చేతుల్తోనే తీసుడా? ఊరి ఆడబిడ్డను?"

"ఇయ్యాల్నే బలరాంను చంపిన్రు. నువ్వు పోసిన ఒడిల నుంచే పోయింది వాని అడ్రసు."

పాపయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గ్రూపు ఫైల్ తెరిచాడు. వేళ్లు వణుకుతున్నాయి. డిలీట్. సేవ్.

అదే క్షణాన లాగ్‌లో కొత్త లైన్ పడింది. శిరీష, పత్తి, 403. అంటే అనుమతి లేదని.

పాపయ్య ఫోన్ మోగింది. శిరీష. ఎక్కడుందో పట్టుకొమ్మని జాల్యా ఆ నంబరు పంపు గొట్టంలో చీఫ్‌కు చెప్పి, స్పీకర్ పెట్టమని సైగ చేశాడు.

"బాపూ, నన్ను రానిస్తలేదు. ఏమాయె?"

"నీ పేరు తీసేసిన బిడ్డా."

"గిదేం మర్యాదనే? ఒడిల పోసి మళ్ల గుంజుకుంటరా?"

"పోసినోడు మీ ఊరోడు," అన్నాడు జాల్యా. "గుంజుకున్నోడు కాదు."

గొంతు గుర్తుపట్టి నవ్విందామె. "జాల్యన్నా! బతికే ఉన్నవా?"

"గట్లనే అనిపిస్తున్నది."

"బలరాం గురించి ఏం అడుగవా?"

"అడుగ. నువ్వే చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మాట మధ్యలో ఫోన్‌లో జీపు బ్రేకులు కీచుమన్నాయి. ఎవరో అరిచారు. లైన్ తెగింది.

గొట్టంలో చీఫ్ గొంతు వచ్చింది. "శిరీష చిట్యాల క్రాస్ రోడ్డు దగ్గర దొరికింది. హరిలాల్ అడ్రసు చెప్పు, మనోళ్లను కాపలా పెడత."

జాల్యా తన పాస్‌వర్డ్ కొట్టి పత్తి పేజీ తెరవబోయాడు. 403.

పాపయ్య తల దించుకున్నాడు. "వణుకుల పేర్లున్న లైన్ మొత్తం కొట్టేసిన తమ్మీ. కంకిల ఇప్పుడు ఎవ్వరు లేరు. నువ్వు లేవు, చీఫ్ లేడు. మళ్ల రాయాల్నా?"

జాల్యా గొట్టం దగ్గరికి తీసుకున్నాడు.

"సార్, హరిలాల్ ఎక్కడున్నడో ఇప్పుడు మనకు గూడ తెల్వది."



"గట్లయితే బతుకుతడు," అన్నాడు చీఫ్. "ఆ కంకి ఫైలును ముట్టుకోకున్రి. కోర్టు తొవ్వ వానికి తెలుసు."