తిరిగిరాని విమానం ముక్క

గురువారం. డిసెంబరు నాలుగు. ఉదయం ఆరుంబావు.

శివవ్వ పాలగిన్నె గట్టు మీద పెట్టి దేవుడి గూటి వైపు చూసింది. దేవుళ్లున్నారు. దీపపు కుంది ఉంది. గోడకు ఆనించి ఉండే విమానం ముక్క మాత్రం లేదు.

తొమ్మిదింటికల్లా ఆమె నాందేడ్‌లో పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుంది.

హవల్దార్ దత్తు విషయం విని పెన్ను మూసేశాడు.

"అవ్వా, బైకు పోయిందని వస్తరు, మొబైల్ పోయిందని వస్తరు. ఇమానం పోయిందని అచ్చినదానివి నువ్వే ఫస్టు."

"ఇమానం కాదు బిడ్డా. ఇమానం ముక్క."

లోపలి గదిలో అసిస్టెంట్ పోలీస్ ఇన్‌స్పెక్టర్ యామిని ఈ మాటలు విన్నది. ఆమె తండ్రి నిజామాబాద్ నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. స్టేషన్‌లో పొద్దస్తమానం మరాఠీ. ఈ ముసలమ్మ మాట అచ్చం తన నానమ్మ మాట. ఫైలు మూసి బయటికి వచ్చింది.

"ఎంతుంటదవ్వా?"

"మూరెడు పొడుగు, జానెడు ఎడల్పు."

"దేనిది?"

"అల్యూమినం. చుట్టూర పన్నెండు తొర్రలుంటయి."

"మీకెట్ల అచ్చింది?"

"మా ముసలాయిన తెచ్చుకున్నడు. డెబ్బయొకటి లడాయిల ఇమానం మెకానిక్ ఉండె. బాంబులేసే ఇమానం. ఒక రాత్రి పోయి మల్ల తిరిగి రాలే. ఇద్దరు సాబ్‌లు పోయిండ్రు దాంట్ల. మొదటి సెలవుకు ఇంటికచ్చినప్పుడు నేనే పెట్టెల చూసిన. ఆయిన ఆయుధమే అనుకొని దేవుని గూట్ల పెట్టిన. ఏటేటా దసరకు పసుపు కుంకుమ పెడత."

"ఇంకేం పోయింది?"

"ఏం పోలే. గదే గూట్ల నా పుస్తెలతాడు డబ్బల ఉన్నది. అట్లనే ఉన్నది."

దత్తు ముఖంలో నవ్వు తగ్గింది. బంగారం వదిలేసి అల్యూమినం ఎత్తుకెళ్లే దొంగ అతని సర్వీసులో తగల్లేదు.

"ఐతారం లోపట దొరకాలె బిడ్డా," అన్నది శివవ్వ. "పూనా నుంచి ఒకామె వస్తున్నది. ఆ ఇమానంల పోయిన పైలట్ సాబ్ బిడ్డ. తండ్రి పోయినంక పుట్టింది. ఆ ముక్కను ఒక్కసారి ముట్టుకుంటనన్నదట. ఆమెకేం చూపియ్యాలె? ముసలాయిన మూడు దినాల సంది బువ్వ ముడతలేడు. అట్లనే పోతడేమోనని నాకు బయమైతున్నది."

యామిని పెన్ను ఆగింది. ముక్క పోయింది ఇవాళ. అన్నం మానేసి మూడు రోజులు.

"సోమారం ఏమైందవ్వా?"

"ఏం కాలే. సగరోళి అంబాదాస్ మాస్తర్ ఫోన్ చేసిండు. ఇమానం కాగితాలన్ని దొరికినయి, ఐతారం ఆమెను తోలుకొని వస్త అన్నడు. గంతే."

*

పది ఇరవై. రైల్వే క్వార్టర్స్ వెనక గల్లీ. రెండు గదుల ఇల్లు.

సంగప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లు. కర్ఖేలిలో పరాయి చేలల్లో కూలికి పోయిన ఇంట్లో పుట్టి, వైమానిక దళంలో పదిహేనేళ్లు, ఆపైన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఒడ్డూ పొడవూ ఉన్న మనిషే. ఇప్పుడు చొక్కా భుజాల నుంచి జారిపోతోంది.

"తాతా, పొద్దుగాల్ల అవ్వ పాలకు ఎన్ని గంటలకు పోయింది?"

"అయిదు నలభై."

"మల్ల అచ్చేసరికి?"

"ఆరుంబావు."

"ఆ నడిమిట్ల మీరు?"

"పండుకున్న."

పడుకున్న మనిషికి నిమిషాలతో సహా ఎలా తెలుసు? యామిని ఆ మాట అడగలేదు. అతని చేతుల వైపు చూసింది. కుడిచేతి గోళ్ల సందుల్లో పసుపు. అతను చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"ఇవ్వాళ పూజ అయిందా అవ్వా?"

"ఇంక దీపం గూడ పెట్టలే."

యామిని గది చుట్టూ తిరిగింది. కిటికీ దగ్గర కూలర్. చలికాలం కదా, పాత చీర చుట్టి ఉంది. చీర అంచు ఎత్తి చూసింది. పక్క జాలీని మూడు మూలల్లో సుతిలి తాడుతో కట్టారు. నాలుగో మూలలో కొత్త తీగ. మెలికలన్నీ ఒకే తీరున ఉన్నాయి. చివర లోపలికి వంచి ఉంది. ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

వాకిట్లోకి వచ్చాక శివవ్వ గొంతు తగ్గించింది.

"పెండ్లయిన కొత్తల మంచిగుండె. లడాయి నుంచి అచ్చినంక మారిండు. రోజు రాత్రి రెండు కొట్టంగ లేచి కూసుంటడు. చెయ్యి మీదికెత్తి, ఏదో బిగిస్తున్నట్టు తిప్పుతడు. పన్నెండు సార్లు. నేను లెక్కపెట్టిన. అయినంక పండుకుంటడు. ఎన్నడు నేనడగలే, ఆయిన చెప్పలే."

యాభై నాలుగేళ్లు ఒకే కప్పు కింద. 

*

పదకొండు నలభై. గల్లీ చివర పాత ఇనుము కొనే భంగార్ దుకాణం. యజమాని నాగేష్. ఆ ముక్కను అమ్ముతారా అని ఇతను అడిగినట్టు శివవ్వ చెప్పింది.

"ఆ ముక్క అడిగినవట?"

"రెండు సార్లు అడిగిన మేడం. రెండోసారి ముసల్ది చీపురు తీసింది. మల్ల అటు మొకం పోలే."

"ఇవ్వాళ పొద్దుగాల్ల ఏడున్నవ్?"

"నాయ్‌గావ్ తొవ్వల. డీజిల్ పోయించిన, రసీదు చూడుండ్రి."

రసీదు మీద టైము అయిదు యాభై రెండు. నాందేడ్‌కు బాగా దూరం. యామిని దాన్ని తిరిగి ఇచ్చింది.

నాగేష్ తల గోక్కున్నాడు.

"ఒక్క మాట మేడం. తప్పైతే ఇడిసిపెట్టుండ్రి. ముప్పై ఏండ్ల సంది గీ దందల ఉన్న. బండి నా దుకాన్లకు అచ్చినంకనే దాని ముక్క నా దగ్గర ఉంటది. ఆ ఇమానం తిరిగే రాలేదంటరు గద. మరి ముక్క ఎట్ల అచ్చింది?"

యామిని అడుగు అక్కడే ఆగిపోయింది.

ఎంత చిన్న ప్రశ్న. సంగప్ప ఇంటికి వచ్చిన చుట్టాలు అడగలేదు. కాగితాలు తవ్విన మాస్తర్ అడగలేదు. పసుపు పెట్టిన భార్య అడగలేదు. దేవుడి గూట్లో ఉన్నదాన్ని ఎవరు అనుమానిస్తారు?

*

శనివారం సాయంత్రం నాలుగు. సగరోళి. పని మీద బయటికి పోయిన అంబాదాస్ ఆ రోజే తిరిగొచ్చాడు. పిల్లలకు చరిత్ర చెప్పే మనిషి. ఆరేళ్లుగా ఒకే పని మీద ఉన్నాడు. సంగప్ప చేతి కింద ఎగిరిన కాన్‌బెరా బాంబర్ జాడ తీయడం.

బల్ల మీద కాగితాలు పరిచాడు.

"614. ఇదే మేడం. డిసెంబరు నాలుగు రాత్రి, ఒకటి యాభై ఎనిమిదికి లేచింది. పైలట్, నావిగేటర్. మల్ల రేడియోల మాట రాలే. శకలాలు దొరకలే."

"ఈ రెండో ఫైలు?"

"627. దాని పక్కనే నిలిపేటోళ్లు. ఆ రాత్రి రిపేర్ల ఉండె, ఎగరలే. ఇప్పుడు ఒక క్యాంపు గేటు ముందట సిమెంటు దిమ్మె మీద పెట్టిండ్రు. నేను పోయి ఫొటో తీసుకున్న."

యామిని ఫొటోను కిటికీ వెలుగులోకి పట్టింది. విమానం పొట్ట కింద ఒక్క పలక రంగు వేరుగా ఉంది. ఫైలు తిప్పింది. డిసెంబరు ఏడు నాటి పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది. రెండుసార్లు చదివింది.

"మాస్తర్, ఒక ఇమానం పలక ఇంకోదానికి పడతదా?"

"పడదు. తొర్రలు కలువయి. చేత్తోటి బిగించి చేసినయి గద. అందుకే పలక లోపలి దిక్కు ఇమానం నంబరు గీకుతరు. సోమారం ఫోన్ల సంగప్ప తాతను గదే అడిగిన, నంబరు చదివి చెప్పుమని. ఏ నంబరు లేదన్నడు."

యామిని ఫోన్‌లో తీగ ఫొటో చూపించింది.

"ఇదేంది?"

"లాకింగ్ వైర్. అదురుకు స్క్రూ ఊడకుంట కడతరు. మెలికలు సమంగ రావాలె, తోక లోపటికి వంచాలె. గిట్ల కట్టేది ఇమానం మెకానికే. మీకేడ దొరికింది?"

"కూలర్ మీద," అన్నది యామిని.

*

ఆదివారం. పదకొండు గంటలు.

చిన్న గదిలో ఆరుగురు. మంచం మీద సంగప్ప. గోడ దగ్గర శివవ్వ. గడపలో నాగేష్, నిర్దోషినని తేలినా ఏం జరుగుతుందో చూడాలని వచ్చాడు. అంబాదాస్ పక్కన దీపాలి. యాభై మూడేళ్ల మనిషి, తెల్లబడ్డ జుట్టుకు రంగు వేయలేదు. తెలుగు రాదు. అంబాదాస్ ఆమెకు మరాఠీలో చెబుతున్నాడు.

యామిని కూలర్ మీది చీర తీసింది. పట్టకారుతో తీగ తెంపింది. జాలీ పక్కకు జరిపి చెయ్యి లోపలికి పెట్టింది. పాత దుప్పటిలో చుట్టిన ముక్క బయటికి వచ్చింది.

"నీ తీగనే నిన్ను పట్టిచ్చింది తాతా. గోళ్లల్ల పసుపు కడిగినా పోలే. దొంగవు నువ్వే. అది గురువారమే ఎరికైంది. ఎందుకు దాచినవన్నది నువ్వే చెప్పాలె."

సంగప్ప తల ఎత్తలేదు. నేలకేసి చూస్తూనే చెప్పాడు.

"614 పొట్ట పలక నా చేతులతోనే ఇప్పిన. చీకటి. లైట్ పెడితె దుష్మన్‌కు కనిపిస్తదని టార్చికి గుడ్డ కట్టుకున్నం. జల్ది, జల్ది అని సార్జెంట్ ఒర్లుతుండె. బిగించిన అనుకున్న. కాగితం మీద సంతకం పెట్టిన. తెల్లారేసరికి 614 రాలే. సామాను ట్రాలీ కింద ఈ పలక పడి ఉండె."

సంగప్ప దుప్పటి అంచు పిడికిట్లోకి లాక్కున్నాడు.

"పొట్ట తెరిచి ఉన్న ఇమానాన్ని మీదికి పంపిన. ఆ ఇద్దర్ని దుష్మన్ చంపలే. నేను చంపిన. ఈ బిడ్డ తండ్రిని నేను చంపిన. ఆమె అచ్చి దీన్ని ముట్టుకొని నాకు దండం పెడితె, నేనెట్ల చూడాలె?"

అంబాదాస్ చెప్పడం ఆపేశాడు. "చెప్పండి," అన్నది దీపాలి. చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది.

శివవ్వ అతని ఎదుటికి వచ్చింది. "యాభై దసరాలు మొక్కిన దీనికి. ఒక్క మాట చెప్పకపోతివి."

"నువ్వు మొక్కుతుంటె నాకు శిక్ష పడుతున్నట్టుండె. పడనీ అనుకున్న."

యామిని ముక్కను బల్ల మీద పెట్టింది. "తాతా, లోపలి దిక్కు నంబరు చూసినవా?"

"లేదు."

"ఎన్నడూ?"

"ఎందుకు చూడాలె మేడం? నాకెరికే గద. అది 614ది."

"నేను పోలీస్‌దాన్ని. తప్పు ఒప్పుకున్నా సరే, సాక్ష్యం చూడకుంట రాసుకోను."

ముక్కను తిప్పింది. రంగులేని లోపలి వైపు మెరుస్తుందని శివవ్వ దాన్నే ముందుకు పెట్టింది. దాని మీదే ఏటా పసుపు, కుంకుమ, నూనె. గోరు మందాన పెచ్చు కట్టింది. దేవుడి వస్తువని ఎవరూ కడగలేదు.

"అవ్వా, చింతపండు ఉన్నదా?"

శివవ్వ తటపటాయించింది. తరువాత వంటింట్లోకి పోయి నానిన చింతపండు తెచ్చింది. యామిని చేతికి ఇవ్వలేదు. పసుపు పెట్టింది తనే, తనే తోముతానన్నది.

కొంగు నడుముకు చెక్కి రుద్దింది. ఎర్రటి నీళ్లు కారాయి. ఆ తరువాత పచ్చటి నీళ్లు. లోహం తేలింది. గీతలు తేలాయి.

ముందు ఆరు.

సంగప్ప కళ్లు మూసుకున్నాడు.

తరువాత రెండు. ఆ పక్కన ఏడు.

"తాతా, కండ్లు తెరిచి చదువు," అన్నది యామిని.

అతను వంగి చూశాడు. వేలితో తడిమాడు. యామినే పైకి చదివింది.

"627. పక్క ఇమానం. రిపేర్ల ఉండె. దాని పలకలన్ని ఊడదీసి ట్రాలీల పెట్టిండ్రు. ఒకటి జారి కింద పడ్డది. నువ్వు బయంతోని దాచినవ్. డిసెంబరు ఏడుకు వాళ్ల కాగితంల రాసి ఉన్నది. ఒక పలక పోయింది, కొత్తది చేసి బిగించినం అని. ఫొటోల ఇగో, రంగు వేరున్నది." యామిని అతని ముందు వంగింది. "614ది ట్రాలీ కిందికి రాలే. నీ చెయ్యి రోజు రాత్రి పన్నెండు స్క్రూలు బిగిస్తదట గద. ఆ రాత్రి గూడ పన్నెండు బిగించింది. నువ్వు మరిసినవ్. చెయ్యి మరువలే."

"మరి ఎట్ల పోయింది మేడం? 614?"

"ఈ కాగితాలల్ల లేదు. నాకు తెల్వదు. ఎవరికీ తెల్వదు."

ముసలాయన ఏడ్చాడు. శివవ్వ చింతపండు చేతులతోనే అతని తల పట్టుకుంది. యామిని కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమెకూ కళ్లు నిండాయి.

దీపాలి చెయ్యి పలక మీదికి వెళ్లబోయి మధ్యలో ఆగింది.

"అయితే ఇది మా నాన్న విమానంది కాదు," అన్నది మెల్లగా.

 రాత్రంతా రైల్లో వచ్చింది ఒక్క ముక్క కోసం. సంగప్ప గుండె మీది బరువు దిగింది, ఆమె చేతికి ఏమీ మిగల్లేదు.

సంగప్ప ముఖం తుడుచుకున్నాడు. దళంలో నేర్చిన హిందీలో, ఇన్నేళ్లలో తొలిసారి ఆ రాత్రి గురించి మాట్లాడాడు.

"మీ నాన్న నా కాగితం మీద సంతకం పెట్టాలి. చలికి పెన్ను రాయలేదు. నోటితో ఊది మళ్లీ పెట్టాడు. నీకు పెళ్లయిందా అని అడిగాడు. ఆరు నెలలైంది సార్ అన్నాను. నవ్వాడు. మా ఇంట్లో మార్చిలో ఒకరు వస్తున్నారు, అన్నాడు. నిచ్చెన ఎక్కాడు. ఈ మాట చెబితే మిగతాదంతా చెప్పాల్సి వస్తుందని ఎవరికీ చెప్పలేదు."

దీపాలి కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంది. పుట్టింది మార్చిలోనే. తండ్రి తన మాట ఎవరితోనైనా అన్నాడా అని తల్లిని ఎన్నోసార్లు అడిగింది. తల్లికి తెలియదు.

శివవ్వ అన్నం కలిపి తెచ్చింది. సంగప్ప పళ్లెం ఒళ్లో పెట్టుకుని మొదటి ముద్ద తిన్నాడు.

"పెన్ను దగ్గర్నుంచి చెప్పండి," అన్నది దీపాలి. "ఇంకోసారి."