ఉతకని చొక్కా

మొగుడి చొక్కాలు ఉతకడమంటే ఎలిశబెతుకు ముప్పయ్యేళ్లుగా ఒక యుద్ధం. చిల్లకూరు అవతల ఇసుక ప్లాంటులో కృపాదానానిది గ్రీజు పని. గాజు తయారీకి పోయే తెల్ల ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లించే ఆ ప్లాంటులో తిరిగే ప్రతి బేరింగుకూ గన్నుతో గ్రీజు కొట్టి, అందులో సగం ఒంటికి పూసుకుని ఇంటికి వచ్చేవాడు. ముందు కిరసనాయిలు, తర్వాత బట్టల సబ్బు, ఆపైన బ్రష్షు, వాటన్నిటితోబాటు ఆమె తిట్లు. ఇన్ని పడితే గాని ఆ చొక్కా దారికి వచ్చేది కాదు.

నాలుగు నెలల క్రితం ఆ యుద్ధం ముగిసిందనే అనుకుంది. కూతురు అబిగయీలు గూడూరులో మెకానికల్ డిప్లొమా చేసి, అదే ప్లాంటులో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేరింది. అరవై ఏళ్ల తండ్రి మోకాళ్లు పట్టుకుంటూ నిచ్చెనలు ఎక్కడం చూడలేక, మేనేజరు ఆనందబాబు వెంటపడి ఆటోమేటిక్ గ్రీజు డబ్బాలు తెప్పించింది. ఒక్కో డబ్బా టీ గ్లాసంత ఉంటుంది. బేరింగుకు బిగించి, ఎన్ని నెలలు రావాలో అంకె తిప్పి వదిలేస్తే, లోపలున్న నీలం గ్రీజును తనంతట తనే రోజుకు ఇంతని నెట్టుకుంటూ పోతుంది. మనిషి ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు. కృపాదానానికి గేటు దగ్గర రాత్రి కాపలా ఇచ్చారు. కుర్చీ, టార్చిలైటు, విజిల్ ఇచ్చి కూర్చోమన్నారు.

ఆ గురువారం పొద్దున కొళాయి దగ్గర బట్టలు ముందేసుకుని కూర్చున్న ఎలిశబెతుకు చొక్కా కుడిచేతి అంచున మళ్లీ మరక కనిపించింది. ఇది మొదటిసారి కాదు. రెండు నెలల నుంచి చూస్తూనే ఉంది.

"గేటు కాపలా కాసేవాడికి గ్రీజు యాడిదయ్యా?" అంది.

డ్యూటీ దిగి వచ్చి వసారాలో చద్దన్నం తింటున్న కృపాదానం తలెత్తలేదు. "గేటుకు కీళ్లు లేవా? కిర్రుమంటా ఉంటే రోంత పెట్టినా."

"రోజూనా?"

"పెద్ద గేటులే."

స్కూటీ తాళాలు వెతుక్కుంటూ బయటికి వచ్చిన అబిగయీలు నవ్వింది. "ఆ గేటును పెళ్లికూతుర్ని చేసినాడమ్మా నాయన. రోజూ నలుగు పెడతా ఉండాడు."

కృపాదానం కూడా నవ్వాడు గాని, ఆ నవ్వు మెతుకుల్లోకి దిగిపోయింది. ఎలిశబెతు అది గమనించింది. ముప్పయ్యేళ్లు కాపురం చేసినదానికి ఆమాత్రం తెలియదా. ఈయన ఇంకా ఎక్కడో మెషిన్‌ను ముట్టుకుంటూనే ఉన్నాడు. ముసలి చెయ్యి ఊరుకోలేకపోతోంది, ఎవరికేం నష్టంలే అనుకుని వదిలేసింది. అలా వదిలేసినందుకే తర్వాత ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది.

తొమ్మిదిన్నరకు ఫోను వచ్చింది. అన్ని చొక్కాలూ నానబెట్టి, ఈ ఒక్కదాన్నీ కిరసనాయిలు కోసం పక్కన పెట్టి లేచిందప్పుడే. ఫోనులో అబిగయీలు గొంతు ఆ పిల్లదిలా లేదు. ప్లాంటులో ఇసుకను పైకి మోసుకెళ్లే పెద్ద బెల్టుకు పైకొసన ఉన్న బేరింగు పట్టేసిందట. ఇరుసు విరిగి, బెల్టు తిప్పే ఇనప డ్రమ్ము కింద పడింది. రాలిన ఇసుక ఎత్తుతున్న పెంచల్ కాలు దానికింద నలిగిపోయింది.

పెంచల్‌ది పక్క వీధే. పొద్దున ఆరింటి షిఫ్టు. కృపాదానంతో పాతికేళ్ల స్నేహం. శుక్రవారం నెల్లూరు ఆసుపత్రిలో అతని కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆ సాయంత్రమే ఆనందబాబు అబిగయీలును పిలిచి, సోమవారం విచారణ దాకా ఇంట్లో ఉండమన్నాడు. డబ్బాలు తెప్పించింది తను, బిగించింది తను, అంకె తిప్పింది తను. తప్పు ఇంకెవరిదవుతుంది? ప్లాంటులో అందరూ అదే అన్నారు. అబిగయీలు కూడా అదే నమ్మింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, కలిపి, చెయ్యి కడుక్కుని లేచిపోయింది. కృపాదానం అసలు కూర్చోనే లేదు.

శనివారం పదకొండు గంటలకు పెంచల్ భార్య రేవతి వచ్చింది. ఆసుపత్రిలోకి కావలసిన గిన్నెలు తీసుకుపోదామని ఇంటికి వచ్చిన మనిషి, సంచీ భుజాన ఉండగానే వీళ్ల గడప ముందు ఆగింది.

"లోపలికి రా రేవతీ," అంది ఎలిశబెతు.

"రాను ఎలిశబెతక్కా. ఒక మాట అడిగి పోతా." రేవతి చూపు అబిగయీలు మీదే ఉంది. "ఏమ్మా, మనిషి చెవి పెట్టి విని, చేత్తో చేసే పని. దాన్ని డబ్బాకు అప్పజెప్పినావే. ఇప్పుడు నా మొగుడు ఒంటికాలితో ఎట్ట బతకాలో నీ డబ్బాను అడిగి చెప్తావా?"

అబిగయీలు గడప దాకా వచ్చింది.

"మీ నాయన ముప్పయ్యేళ్లు గ్రీజు కొట్టినాడు. ఒక్క బోల్టు ఊడిందా? ఒక్క మనిషికి గీరుకునిందా? ఆ దేవుడి మాదిరి మనిషిని గేటుకాడ కూర్చోబెట్టినావు. నువ్వు చదువుకున్నదానివి గదా."

లోపలి గదిలో కృపాదానం దగ్గాడు. దగ్గు ఆగలేదు. రేవతి కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

అబిగయీలు వంటింట్లోకి వచ్చి, మడిచిన కాగితం ఒకటి విప్పి గట్టు మీద పెట్టింది. అందులో వేలెడంత గ్రీజు ఉంది.

"విరిగిన బేరింగులోనిదమ్మా. నిన్న తీసి పెట్టుకున్నా. డబ్బాలో ఉండేది నీలం. ఇది చూడు, పాచి రంగులో ఉండాది."

"అంటే?"

"ఇంకో గ్రీజు కలిసింది. అన్ని గ్రీజులకూ ఒకదానితో ఒకటి పడదు. పడని రెండు కలిస్తే విరిగిన పాల మాదిరి నీళ్లయి కారిపోతాయి. బేరింగు ఎండిపోయి పట్టేస్తది. కానీ ఇంకో గ్రీజు ఎట్ట వచ్చిందో తెలీడంలా. తప్పు డబ్బా ఏమన్నా బిగించినానేమో. అదే అయ్యుంటది. సోమవారం అదే చెప్తా."

ఎలిశబెతు చేతిలోని గరిటె పక్కన పెట్టింది. మొగుడు ముప్పయ్యేళ్లు వాడిన గ్రీజు రంగు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? తేనె రంగు. ఎండితే బెల్లప్పాకంలా పట్టుకుంటుంది. కూతురికి ఏమీ చెప్పకుండా పెరట్లోకి వెళ్లి, బండ మీద మూడు రోజులుగా పడున్న చొక్కా తీసి ఎండలో పట్టుకుంది. చేతి అంచున తేనె రంగు మరక. దాని నడుమ, పైనుంచి తాకినట్టుగా, కాగితంలో చూసిన ఆ పాచి రంగే.

ఒక్క క్షణం ఆమెకు సబ్బు గుర్తొచ్చింది. పది నిమిషాలు రుద్దితే ఏ మరకా ఉండదు. మొగుడి పేరు మిగులుతుంది. కూతురి పేరు పోతుంది. చొక్కా పట్టుకుని లోపలికి నడిచింది.

కృపాదానం మంచం మీద బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెరవలేదు. ఆమె చొక్కా దాని మీద పరిచింది.

"ఇది గేటు గ్రీజేనా?"

ఆయన మరక మీద వేలు పెట్టాడు. "కాదు," అన్నాడు.

"ఎప్పట్నించి?"

"రెండు నెలలు. పొద్దున ఆరింటికి షిఫ్టు మారేటప్పుడు బెల్టు ఆగతాది గదా. అప్పుడెక్కి రెండు దెబ్బలు కొట్టి దిగేవాణ్ణి."

"ఎందుకయ్యా?"

"అది ఇసుకలో తిరిగే బేరింగే. ఆ చిన్న డబ్బా దాన్ని సాకతాదా అనిపించింది. అది ఆగిపోతే నా బిడ్డనే గదా అందరూ అనేది, ఆడపిల్ల మాట విని చెడిపోయినామని. దాని పేరు నిలబడాలని కొట్టినా. రెండు గ్రీజులకు పడదని నాకు తెలీదే. తెలుసుంటే ఈ చెయ్యి నరుక్కునేవాణ్ణి."

"ఎప్పుడు తెలిసింది?"

"గురువారమే. విరిగిన ముక్క కాడ ఆ రంగు చూడంగానే."

ఎలిశబెతుకు అప్పుడు వచ్చింది కోపం. గొంతు పెంచలేదు, పెంచి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. "గురువారం తెలిస్తే, శుక్రవారం నీ బిడ్డను ఇంటికి పంపేస్తే చూస్తా ఉండావు. ఇందాక రేవతి నిన్ను దేవుడంటే గదిలో కూర్చుని వింటా ఉండావు."

"చచ్చిపోదామనిపించింది. నోరు రాలా. ముప్పయ్యేళ్లలో నాకుండేది ఆ పేరొకటే."

"నాకు తెలిసి కూడా ఉతికినాను గదయ్యా. రెండు నెలలు ఒక్కమాట గట్టిగా అడగలా. ఆ కాలు పోయినదాంట్లో నాకూ పాలుండాది." ఆమె మంచం పట్టె మీద కూలబడింది.

గుమ్మంలో అబిగయీలు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అరుస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఆ పిల్ల వచ్చి తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"నాయనా, గన్ను మూతి పెట్టే పాత నిపుల్ తీసేసి అక్కడ బోల్టు బిగించమని డబ్బాలతో వచ్చిన కాగితంలో రాసుండాది. అన్నిటికీ బిగించినా. ఆ పై బేరింగుకు ఒక్కదానికి బిగించలా."

కృపాదానం తల తిప్పాడు.

"ఆ పొద్దు నేను పైన ఉండా. నువ్వు కింద నిలబడి చూస్తా ఉండావు. గన్ను చేతిలోనే ఉండాది. నిపుల్ తీసేస్తే నిన్ను తీసేసినట్టు అనిపించింది. ఒకటి ఉంటే ఉండనీలే అనుకుని దిగొచ్చినా. ఇంకో గ్రీజు తగలకూడదని నీకు చెప్పను కూడా లేదు. ముప్పయ్యేళ్లు చేసిన మనిషికి నేనేంది చెప్పేదని. ఇంకో గ్రీజు యాడిదని మూడు రోజులుగా ఆలోచించినా, నీ వైపు మాత్రం చూడలా నాయనా. చూడటానికి భయమేసింది."

తండ్రి చెయ్యి కూతురి తల మీదికి వచ్చి, తాకకుండానే ఆగింది. ఆ చేతిని అబిగయీలే పట్టుకుని తలకు ఆనించుకుంది. ముగ్గురూ ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు.

"సోమవారం నేనే చెప్తా," అన్నాడు కృపాదానం కాసేపటికి.

"సోమవారం కంటే ముందు నువ్వు చెప్పుకోవాల్సిన మనిషి ఒకడుండాడు," అంది ఎలిశబెతు.

ఆదివారం వాళ్లు చర్చికి పోలేదు. నెల్లూరు బస్సెక్కారు. ఎలిశబెతు చొక్కాను కవర్లో పెట్టి ఒళ్లో పెట్టుకుంది.

వార్డులో పెంచల్ కళ్లు తెరిచే ఉన్నాడు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా ఉంది, ఇంకో పక్క మంచానికి అంటుకుపోయి ఉంది. కృపాదానం ఆ అంటుకుపోయిన వైపే నిలబడి, తడబడకుండా అంతా చెప్పాడు. గ్రీజు, నిచ్చెన, రంగు, మూడు రోజుల మౌనం. రేవతి చేతిలోని గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

పెంచల్ తల కృపాదానం వైపు తిప్పాడు. "నాకు తెలీదా అన్నా," అన్నాడు. "రోజూ ఆ నిచ్చెన పట్టుకునింది నేనే గదా."

"పెంచలా," అన్నాడు కృపాదానం.

"నీ చెయ్యి పడిందంటే నాకూ ధైర్యంగా ఉండేది. ఎవురికీ చెప్పొద్దంటివి. చెప్పలా."

రేవతి అందరి మొహాల్లోకీ వరసగా చూసింది. "బాగుండాది. కూతురు మంచికే చేసింది. తండ్రి మంచికే చేసినాడు. ఈయన మంచికే నిచ్చెన పట్టుకున్నాడు. మరి ఆ కాలు యాడుండాదో ఎవురన్నా చెప్పండి."

కృపాదానం మంచం చువ్వ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. పెంచల్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "ఇంక పోండన్నా," అన్నాడు. కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు.

మెట్ల దగ్గరికి వచ్చాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. రేవతి ఒక మూట పట్టుకుని వచ్చింది. ఎలిశబెతు మొహం చూడలేదు, చేతులు చూసింది.

"నాలుగు రోజులుగా ఈడనే ఉండానక్కా. బట్టలు కంపు కొడతా ఉండాయి. ఉతికి తెస్తావా?"

"తెస్తా," అంది ఎలిశబెతు. మూట అందుకుంది.

సోమవారం పొద్దున తండ్రీకూతుళ్లు ఒకే స్కూటీ మీద ప్లాంటుకు పోయారు. చొక్కా కవర్లో వాళ్లతోనే పోయింది. పదింటికి అబిగయీలు ఫోను చేసింది. "నాయన అంతా చెప్పినాడమ్మా. నిపుల్ సంగతి నేను చెప్పినా. నాయనకు ఇంక పని లేదన్నారు. నాది ఆలోచిస్తారంట."

"నాయన ఎట్టుండాడు?"

"ఆకలేస్తా ఉందన్నాడు. అన్నం వండిపెట్టు."

ఎసరు పెట్టి వచ్చి, ఎలిశబెతు కొళాయి దగ్గర మూట విప్పింది. రేవతి చీరలు, తువ్వాలు, లుంగీ. అడుగున పెంచల్ ప్యాంటు. గురువారం హడావుడిలో, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు వేసుకుంటాడని రేవతి సంచిలో పెట్టుకుపోయినది. దాని మీద ఏదో మందు ఒలికి ఉంది.

ఎడమకాలికి సబ్బు పెట్టి రుద్దింది. కుడికాలి దగ్గరికి వచ్చి చేతులు ఆగాయి. ఇక ఎవరూ తొడగని కాలు అది. కళ్లు తుడుచుకుని, దానికీ అంతే సబ్బు పెట్టి, అంతసేపూ రుద్ది, జాడించి, రెండు కాళ్లూ విడదీసి తీగ మీద ఆరేసింది.