నీలి చెవుల కుందేళ్లు

“మేత ఒక్క రోజు కూడా తప్పదు. ఆ బాధ్యత మాది.” జంతువుల గది తెరిచిన రోజు మా ఫార్మసీ కాలేజీ యాజమాన్యం అందరి ముందూ ఇచ్చిన మాట ఇది.

ఇప్పుడు ఆ గది ఖాళీ. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో, కాలేజీ వెనక, రేకుల కప్పు కింద ఉంటుంది. పొద్దు గూకితే అటు ఎవరూ పోరు. లోపలి నుంచి చప్పుడు వస్తుందంటారు... ధబ్ — ధబ్. భయపడ్డ కుందేలు వెనక కాళ్లతో నేలను కొట్టే చప్పుడు.

వాచ్‌మన్ కృష్ణయ్య నాకు చెప్పిందే చెప్తున్నాను.

మొన్న కరెంటు పోయిన సాయంత్రం ఆయనా విన్నాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. టార్చి వేశాడు. ఖాళీ బోనుల మధ్య — తెల్లగా ఒక ఆకారం... వంగి, బోనులో ఏదో పెడుతోంది.

“ఎవరది?” అని గద్దించాడు.

ఆకారం ఇటు తిరిగింది. తెల్ల కోటు. మా ఫైనలియర్ ఉవైస్. చేతిలో తడి గడ్డి.

వాడి ప్రాజెక్టు కోసం సగం కుందేళ్లకు రోగనిరోధక శక్తిని అణిచే మందు ఇచ్చారు. వాటి చెవుల మీద నీలి గుర్తు పెట్టారు. తర్వాత అన్నింటికీ ఒకే టీకా వేశారు. మందు ఇవ్వనివాటి రక్తంలో యాంటీబాడీలు బాగా పెరిగాయి. నీలి చెవులవాటిలో దాదాపు పుట్టనే లేదు. మామూలు క్రిమి సోకినా అవి తట్టుకోలేవు. అందుకే శుభ్రం చేసిన మేత తప్ప ఏదీ పెట్టొద్దన్నారు.

ఆ మేతే రావడం ఆగిపోయింది. అడిగిన ప్రతిసారీ రేపన్నారు.

అవి ఆకలికి కమ్మీలు కొరుకుతుంటే చూడలేక, ఉవైస్ తమ మేకల కొట్టంలోంచి గడ్డి తెచ్చాడు. మందు ఇవ్వనివి అది తిని బతికాయి, వాటిని ఎటో తరలించారు. నీలి చెవులది ఒక్కటీ మిగల్లేదు.

“నా చేతులతోనే చంపిన కాకా,” అన్నాడట, తల ఎత్తకుండా. “ఇప్పుడు కడిగి తెస్తున్న.”

“సచ్చినవాటికి గడ్డేంది బిడ్డా? ఇంటికి పో. గిట్ల నేల తన్ని జనాన్ని పరేషాన్ చెయ్యకు.”

ఉవైస్ ఆయన ముఖంలోకి చూశాడు. “నేను తన్నలే. నువ్వే అనుకున్న.”

ఇద్దరూ కదల్లేదు...

ధబ్.

కుందేళ్ల చావుకు కారణం ‘విద్యార్థి నిర్లక్ష్యం’ అని యాజమాన్యం నోటీసు అంటించింది. ఉవైస్‌ను పరీక్ష రాయనివ్వరట. జాలిపడ్డవాడు దోషి, మాట తప్పినవాళ్లు న్యాయమూర్తులు! ప్రశ్నించడం విద్యార్థులుగా మా హక్కు. మేత ఆపింది ఎవరు? జవాబు నోటీసు బోర్డు మీదే పెట్టండి — 2007 ఆగస్టు పదిహేను లోపు.