రెండో టికెట్టు

"ఈ పుర్రెని తలకిందులుగా కుట్టిందెవరండీ?"

టైలరు మిషను ఆపి తలెత్తాడు. గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. ముఖం చూస్తే కోపం, చేతిలో చూస్తే నల్ల జాకెట్. నిన్న అక్క తీసుకుని పెట్టి, పొద్దున్నే తిరిగిచ్చిన పని అది. వీపు మీద బొమ్మ అతికించమని చీటీ రాసి ఉంటే అతను అలాగే చేశాడు.

"కుట్టింది నేనేనండీ. అది... పుర్రెనా?"

"మరేమనుకున్నారు?"

"పూలకుండీ అనుకున్నాను. పళ్లని చూసి పూరేకులనుకున్నానండీ."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న అక్క ఫక్కున నవ్వింది. ఆ అమ్మాయి పెదాలు బిగబట్టుకుంది. బొమ్మని ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంది. చివరికి తనూ నవ్వేసింది. ఎంత కోపంగా వచ్చిందో అంత తేలిగ్గా నవ్వింది. మనవాడి పని అక్కడే అయిపోయింది. కాకపోతే ఆ సంగతి అతనికంటే ముందు అక్కకి తెలిసింది.

"నేను ఆ వీధి చివర స్కూల్లో లెక్కల టీచర్ని," అంది.

"లెక్కల టీచరుకి పుర్రెలతో ఏం పనండీ?"

"హెవీ మెటల్, మాస్టారూ!"

"ఇనుప సామానా?"

"పాటలు! నెలాఖరు ఆదివారం మైదానంలో పెద్ద కచేరీ ఉంది. దానికే ఇది. బొమ్మ సరిచేసి, పక్కలు కూడా తగ్గించాలి. నాలుగంగుళాలు."

అతను జాకెట్ బల్ల మీద పరిచాడు. వెడల్పాటి భుజాలు, మగవాళ్ల కోత. "ఇది మీ కొలత కాదు కదండీ?"

నవ్వు టక్కున ఆగిపోయింది. "కాదు. ఎప్పుడూ నాతో వచ్చే మనిషిది. ఇక రావడం కుదరదు."

అంతకంటే చెప్పలేదు. అతనూ అడగలేదు. కానీ మనసు ఊరుకుంటుందా? ఎవడో ఆజానుబాహుడు, ఈ అమ్మాయిని వదిలేసి పోయాడన్నమాట అని కథంతా అల్లేసుకుంది. పోతే పోయాడు, జాకెట్ కూడా వదిలేసి పోవాలా అని ఒళ్లు మండింది.

ఆ నెల్లో ఆమె తొమ్మిదిసార్లు వచ్చింది. ఒకసారి జిప్పు అంది, ఒకసారి గుండీ అంది, ఒకసారి ఏమీ అనకుండానే స్టూలు లాక్కుని కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంది. ఇద్దరి వేళ్లకీ సుద్దే. "నన్ను మాస్టారంటారు, మీరూ మాస్టారే. ఎవరు ఎవరిని పిలుస్తున్నట్టు?" అనేవాడు అతను. "జీతం తక్కువ ఉన్నవాళ్లు పలకాలి," అనేది ఆమె. వెంటనే ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అనేవాళ్లు.

కచేరీ ముందు శుక్రవారం జాకెట్ తీసుకుంటూ ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"మాస్టారూ, నా దగ్గర రెండో టికెట్టు ఉంది. వృథా చేయబుద్ధి కావడం లేదు. ఒక్కదాన్నే వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు. వస్తారా?"

అతను నోరు తెరిచేలోగా, "వస్తాడు," అంది అక్క.

* * *

మధ్యాహ్నం మూడింటికే మైదానం నల్లగా నిండిపోయింది. కింద నల్ల చొక్కాలు, పైన నల్ల మబ్బులు. ఇస్త్రీ చేసిన లేత నీలం చొక్కా వేసుకున్నది ఇతనొక్కడే. "పెళ్లిచూపులకొచ్చినట్టున్నారు," అంటూ ఆమె అతని చేతిలో రెండు స్పాంజి ముక్కలు పెట్టింది. "చెవుల్లో పెట్టుకోండి. లేకపోతే రేపు కస్టమర్ల తిట్లు వినపడవు."

డ్రమ్ముల మొదటి దెబ్బకి అతను ఒకడుగు వెనక్కి వేశాడు. అది చెవులకి వినపడే మోత కాదు, అరికాళ్లలోంచి ఎక్కే మోత. ముందు వరుసల్లో జనం గుండ్రంగా చేరి ఒకర్నొకరు గుద్దుకుంటూ గెంతుతున్నారు. అయ్యో, కొట్టుకుంటున్నారే అనుకున్నాడు. అంతలో ఒకడు జారి పడ్డాడు. పడ్డాడో లేదో పదిచేతులు అతన్ని లేపాయి. ఇంకెవరో ఊడిపోయిన బూటొకటి పైకెత్తి పట్టుకుని, సొంతదారుడు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.

టైలరు నోరు వెళ్లబెట్టాడు. బస్సెక్కేటప్పుడు కూడా ఇంత మర్యాద చూడలేదు అతను.

ఇంతలో వాన మొదలైంది. ఎవరూ కదల్లేదు. వేదిక మీద ఒక గిటారు నెమ్మదిగా మోగింది. అప్పటిదాకా గెంతుతున్న లెక్కల టీచరు కొయ్యబారిపోయింది. ముఖం మీద వాన కారిపోతున్నా తుడుచుకోలేదు. డ్రమ్ములు ఒక్కసారి విరుచుకుపడగానే, ఉన్న బలమంతా కూడగట్టి అరిచింది.

"అమ్మా!"

స్పాంజి ముక్కల్ని దాటుకుని ఆ కేక అతన్ని తాకింది. ఆ ఒక్క మాటతో అతనల్లుకున్న కథంతా కుప్పకూలింది. ఆజానుబాహుడూ లేడు, వదిలేసి పోవడమూ లేదు.

ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఊరుకోండి అనబోయి ఆగాడు. ఆమె వెనక్కి వెళ్లి, ఎవరూ వచ్చి గుద్దకుండా రెండు చేతులూ కంచెలా చాచి నిలబడ్డాడు. పక్కనున్న గడ్డం మనిషొకడు ఏమైందని కళ్లతో అడిగాడు. ఇతను తల ఊపాడు. ఆ పర్వతాకారం కూడా వచ్చి, మారుమాట లేకుండా రెండోవైపు చేతులు చాచింది. పాట అయ్యేదాకా ఆమె కరువుతీరా ఏడ్చింది.

విరామంలో ఇద్దరూ టికెట్ల గది చూరు కింద నిలబడ్డారు. చేతుల్లో వేడి టీ కప్పులు.

"అమ్మ నూలుమిల్లులో పనిచేసేది," అంది ఆమె. "మిషన్ల మోతలో ఇరవయ్యేళ్లు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే తోచేది కాదు తనకి. ఈ పాటలు నాకు నేర్పిందే తను. ఈ కచేరీకి టికెట్లు కూడా తనే కొంది. పోయి ఎనిమిది నెలలు."

చూరు నీళ్లు ఆమె మీద పడకుండా అతను కాస్త ఇటు జరిగి నిలబడ్డాడు.

"ఇంట్లో నాన్న ముందు ఏడవకూడదు, స్కూల్లో పిల్లల ముందు ఏడవకూడదు. ఎక్కడ కన్నీళ్లొచ్చినా ఎవరో ఒకరు ఊరుకో అంటారు. మీరొక్కరే అనలేదు. ఎంత మేలు చేశారో మీకు తెలీదు."

"నాకొక తప్పు ఒప్పుకోవాలనుందండీ," అన్నాడు టైలరు. "ఆ జాకెట్ ఎవరో అబ్బాయిదనుకున్నాను. అందుకని గుడ్డ కత్తిరించలేదు. లోపలికి మడిచి కుట్టానంతే. ఎప్పటికైనా ఆయన తిరిగొస్తే కుట్లు విప్పేస్తే సరిపోతుందని."

ఆమె జాకెట్ విప్పి లోపలికి తిప్పింది. పక్కల వెంట మడతలు వేలితో తడిమింది.

"అయితే అమ్మ కొలత ఇందులోనే ఉందా?"

"అంగుళం కూడా పోలేదండీ."

ఆమె కళ్లు తుడుచుకుంది. "మాస్టారూ, మీ మీద నాకు చాలా కోపంగా ఉంది."

"ఎందుకండీ?"

"నన్ను ఎవడో తిరిగొస్తే అప్పజెప్పేయడానికి అంత సిద్ధంగా ఉన్నందుకు!"

టీ పొలమారి దగ్గాడు పాపం. లోపల మళ్లీ డ్రమ్ములు మొదలయ్యాయి. ఏవి డ్రమ్ములో, ఏది తన గుండో అతనికి తెలియలేదు.

* * *

మంగళవారం ఉదయం ఒక పెద్దాయన షాపులోకొచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. "నేను లెక్కల టీచరు నాన్నని," అనగానే టైలరు చేతిలో కత్తెర జారింది.

"కూర్చోండి సార్. ఆ రోజు వానలో తడిసి ఆవిడకి జ్వరమేమైనా..."

"జ్వరం కాదు బాబూ. ఆదివారం ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నాళ్లూ నేను బాధపడతానని అది దాచుకుంది, అది బాధపడుతుందని నేను దాచుకున్నాను. తర్వాత ఇద్దరం కలిసి వండుకుని కడుపునిండా తిన్నాం. ఎనిమిది నెలల్లో అదే మొదలు."

ఆయన రెండు చేతులూ జోడించబోయాడు. టైలరు గబుక్కున లేచి ఆ చేతులు పట్టుకున్నాడు. "పెద్దవారు మీరు. నేనేం చేశానండీ, నిలబడ్డానంతే."

"అదే ఎవరూ చేయరు," అన్నాడు పెద్దాయన. "నిజం చెప్పు, ఆ గోల నీకు నచ్చిందా?"

"పాటలు ఒక్క ముక్క అర్థం కాలేదండీ. కిందపడ్డవాణ్ని లేపే తీరు మాత్రం చాలా నచ్చింది."

"మా ఆవిడ కూడా అదే చెప్పేది. ఎన్నిసార్లు పిలిచినా నేనే వెళ్లలేదు." ఆయన టైలరు భుజం తట్టాడు. "ఈసారి నేనూ వస్తాను. ముగ్గురం వెళ్దాం."

అప్పుడు గుమ్మం అవతలనుంచి తల ఒకటి లోపలికొచ్చింది. "నాన్నా, అడిగావా?"

"నేను వచ్చింది కృతజ్ఞత చెప్పుకోవడానికి. అడిగేది ఏదైనా ఉంటే నువ్వే అడుక్కో."

ఆమె లోపలికొచ్చింది. ముప్పైమంది పిల్లల్ని ఒక్క చూపుతో నిలబెట్టే మనిషి, మెడలో వేలాడుతున్న టేపుతో నిలబడ్డ ఈ ఒక్కడి ముందు మాట వెతుక్కుంది.

"నేను చెప్తానండీ," అన్నాడు టైలరు. "ఆ రోజు మీ వెనకాల నిలబడ్డాను. ఇక మీదట పక్కన నిలబడాలని ఉంది. ఉండనిస్తారా?"

"ఊఁ," అంది. అంత చిన్న శబ్దం ఆమె నోట అతనెప్పుడూ వినలేదు. కానీ చెవుల్లో ఏ స్పాంజీ లేదు కాబట్టి చక్కగా వినపడింది.

పెద్దాయన ఇద్దరి తలల మీదా చెరో చెయ్యి వేశాడు. ఎన్నడూ చూడని ఆ తల్లికి, టికెట్లు రెండు కొన్నందుకు, టైలరు మనసులోనే వెయ్యి దండాలు పెట్టుకున్నాడు.

అక్క కళ్లొత్తుకుంటూ వెళ్లి షట్టరు సగానికి దించేసింది. బయట నిలబడ్డ కస్టమరుతో, "ఇవాళ కొలతలు తీసుకోమండీ. మా ఇంట్లో సంబంధం కుదిరింది," అంది.