అరువు ఊపిరి

కేదార్ గురకంటే అమీర్‌పేటలోని ఆ అపార్ట్‌మెంటు మొత్తానికీ వేళాకోళమే. రాగసుధ మాత్రం పెళ్లయిన ఆరేళ్లూ మొగుడు ఆదమరిచి నిద్రపోతున్నాడనే మురిసిపోయింది. పంజాగుట్ట డాక్టరు ఆ మురిపెం కాస్తా తీసేశాడు.

“నిద్రలో గొంతు మూసుకుపోయి గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందమ్మా. ఆగిన ప్రతిసారీ గుండె మీదే భారం. ఇప్పటికే లయ తప్పుతోంది. గాలి పంపే మిషను పెట్టకుండా ఒక్క రాత్రి కూడా పడుకోనివ్వకండి.”

కొత్త మిషను రావడానికి నాలుగు రోజులట. అందాకా ఏం చేయాలో తోచక రాగసుధ అన్నం కూడా ముట్టలేదు. సంగతి విని కింది ఫ్లాటు రుద్రమ్మ తనే పిలిచింది. భర్త రాజనర్సయ్య పోయి మూడు నెలలు. ఆయన బట్టలు, మంచం, మిగిలిన బీడీకట్టలు పదకొండో రోజు కాగానే ఎవరికో ఇచ్చేసింది. ఆయన రాత్రిళ్లు పెట్టుకున్న అలాంటి గాలి మిషను మాత్రం ఉంచుకుంది.

“తీస్కపో బిడ్డా. కొత్త మాస్కు ఒక్కటి కొనుక్కోండ్రి. మనిషి పోయిండు గానీ మిషను మంచిగనే ఉన్నది.”

పోయినవాళ్ల వస్తువు ఇంట్లోకి తేవడం రాగసుధకు ససేమిరా ఇష్టం లేదు. ప్రాణం మీదికొచ్చాక పట్టింపులేమిటని సర్దిచెప్పుకుని, గుమ్మంలో దాని మీద పసుపునీళ్లు చల్లి లోపలికి తెచ్చింది.

ఆఖరి మెట్రో వెళ్లిపోయాక వీధి సద్దుమణిగింది. చీకట్లో మిషను మీద చిన్న పచ్చదీపం. మాస్కులోంచి ఉస్సు... ఉస్సు... గురక లేదు. రాగసుధకు ఏడుపొచ్చేంత నిశ్చింత కలిగింది.

కన్ను మూతపడబోతుండగా బీడీ వాసన తగిలింది.

కేదార్ బీడీ ముట్టడు. వాసన మాస్కు అంచుల్లోంచి వస్తోంది.

అతని ఛాతీ మీద చెయ్యి వేసింది. కదలడం లేదు. పది... ఇరవై... ముప్ఫై లెక్కపెట్టింది. కదలడం లేదు. మాస్కులో మాత్రం ఉస్సు... ఉస్సు... ఎవరో తీరిగ్గా ఊపిరి పీలుస్తున్నారు.

“ఏవండీ... ఏవండీ...”

మాస్కు లాగిపారేసింది. ప్లగ్గు పీకేసింది. పచ్చదీపం ఆరిపోయింది.

ఊపిరి చప్పుడు ఆగలేదు. ఇప్పుడది కేదార్ నోట్లోంచి వస్తోంది. ఆమె చేతికింద ఛాతీ లేచింది, పడింది. గుండె ఒక్క లయ తప్పకుండా కొట్టుకుంటోంది. ఆ క్షణాన రాగసుధకు కలిగింది సంతోషమే.

అతను లేచి కూర్చున్నాడు. ఆమె వైపు చూసి, పరాయి ఆడమనిషి పడగ్గదిలోకి వచ్చినవాడిలా కంగారుగా చూపు తిప్పుకున్నాడు. గోడ పట్టుకుని నడిచాడు. తలుపు తీశాడు. మెట్లు దిగుతున్నాడు.

“కేదార్!”

పెళ్లయ్యాక మొదటిసారి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. అతను వెనక్కి తిరగలేదు.

కింద రుద్రమ్మ తలుపు బార్లా తీసి ఉంది. గడపలో నిలబడి ఆమె చెయ్యి చాపుతూ గుసగుసగా అంది.

“జర మెల్లగ దిగు... కాళ్లు కొత్తయి గదా.”